బంద్ రోజున బండెక్కిన పిక్చర్ ట్యూబ్

పిక్చర్ ట్యూబుకు మెడ ఉంటుందని మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. గోడకు తగిలించిన పలకల్లాంటి టీవీలు చూస్తూ పెరిగినవాళ్ళు మీరు. మా కాలంలో టీవీ అయినా, కంప్యూటర్ మానిటర్ అయినా ముందు నుంచి చూస్తే పెట్టె, పక్క నుంచి చూస్తే గూని. ఆ గూనిలో పెద్ద గాజు బుడ్డి ఉండేది. ముందు వైపు వెడల్పుగా ఉండి, వెనక్కి పోనుపోను సన్నబడి, చివరికి రెండు వేళ్ళ మందం మెడగా మిగిలేది. ఆ మెడ చివర, ప్లాస్టిక్ టోపీ కింద, గోరంత గాజు మొన. బుడ్డిలో గాలంతా లాగేశాక ఫ్యాక్టరీలో మూసిన చోటు అది. ఆ మొన ఉన్నంతకాలం ట్యూబ్ బతికి ఉంటుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కంప్యూటర్ కోచింగ్ సంస్థలో ఇరవై రెండేళ్ళు హార్డ్‌వేర్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. రిటైరైనవాళ్ళు సాధారణంగా తాము బాగు చేసినవాటి గురించి చెప్పి వినేవాళ్ళను విసిగిస్తారు. అలా విసిగించడానికి నా దగ్గరా బోలెడు సరుకుంది. కానీ అన్నేళ్ళలో నాకు కల్లోకి కూడా వచ్చింది నేను పాడుచేసిన ఒకే ఒక్క ట్యూబు. దాని గురించే చెబుతాను.

మాది పోచంపల్లి వైపు నేత కుటుంబం. మా నాయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తుంటే గట్టు మీద కూర్చుని చూస్తూ పెరిగాను. దారం మోసుకుంటూ నాడె ఇటు నుంచి అటు పోయేది, ఒక గీత పడేది. మళ్ళీ అటు నుంచి ఇటు, ఇంకో గీత. పడుగు మీద అద్దిన రంగు, పేక మీద అద్దిన రంగు సరిగ్గా ఒకచోట కలిస్తేనే పువ్వు. వెంట్రుకవాసి తప్పితే పువ్వు చెదిరిపోయేది, నాయన నోటి నుంచి ఒక తిట్టు వచ్చేది. తర్వాత నేను ఐటీఐ చదివి పిక్చర్ ట్యూబు లోపల ఏం జరుగుతుందో నేర్చుకున్న రోజున, ఇది మా ఇంట్లో జరిగేదే కదా అనిపించింది. లోపలి నుంచి వెలుగు ఒక్కో గీతా నేసుకుంటూ పోతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకచోట కలిస్తే బొమ్మ. అందుకే కాబోలు, ట్యూబులంటే నాకు మొదటి నుంచీ ఇంటి మనుషుల మీద ఉండే మమకారం.

పొద్దున్నే ల్యాబ్ తెరిచి యాభై మానిటర్లనూ వరసగా ఆన్ చేయడం నా దినచర్యలో అన్నిటికన్నా ఇష్టమైన పని. ఒక్కోటీ 'ధన్' మని చిన్నగా ఒళ్ళు విరుచుకుని లేచేది. అద్దం దగ్గర చేయి పెడితే రోమాలు నిక్కబొడుచుకునేవి. వెచ్చబడిన దుమ్ము వాసన వచ్చేది. కాసేపటికి గదంతా నీలంగా అయిపోయేది. కుర్రకారు వచ్చి పడేదాకా ఆ నీలంలో నేనొక్కణ్ణే కూర్చుని టీ తాగేవాణ్ణి. చెరువు అడుగున కూర్చున్నట్టుండేది.

తర్వాత ఎల్‌సీడీలు వచ్చాయి. పాతవాటిని తీసేయమని యాజమాన్యం చెప్పింది. తీసేసిన సామాను సిబ్బంది ఇళ్ళకు చేరుతోందని అంతకుముందు ఏదో పుకారు పుట్టి ఇద్దరి ఉద్యోగాల మీదికి వచ్చింది. అందుకని మా ల్యాబ్ ఇన్‌చార్జి మేడమ్ ఒక పద్ధతి పెట్టారు: ఏ మానిటరైనా కిందికి దించే ముందు మళ్ళీ వెలగకుండా చేయాలి. మేడమ్‌ది కృష్ణా జిల్లా. మాట మెత్తన, పద్ధతి గట్టి. ఆవిడ పెట్టింది పద్ధతి, చేయాల్సింది నేను. వెనక మూత విప్పడం, మెడకున్న సాకెట్ లాగడం, ప్లాస్టిక్ టోపీ పీకడం, కటింగ్ ప్లయర్‌తో మొన తుంచడం. అంతే. 'ఉస్స్' మని గాలి లోపలికి పోయేది. మెడ లోపల అద్దంలా మెరిసే వెండి మచ్చ ఒకటుంటుంది. గాలి తగిలిన కాసేపటికి అది పాలవిరుగుడులా తెల్లబడేది. మొదటి పదింటికి నా ప్రాణం ఉసూరుమంది. తర్వాత ఏమీ అనిపించలేదు. రెండు వారాలు తిరిగేసరికి నా చేయి నన్ను అడగకుండానే ఆ పని చేసే స్థితికి వచ్చింది.

అలా ముప్పై చిల్లర చంపి మెట్ల కింద పేర్చాక ఒక మధ్యాహ్నం మా పక్క షాపు చీరలాయన పైకొచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. వాళ్ళదీ పోచంపల్లి వైపే, కనక నన్ను అన్నా అనేవాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు ఆ రోజు నవ్వలేదు.

"అన్నా, కింద గవన్నీ సచ్చినయా, సంపిండ్రా?" అన్నాడు.

చంపామనే చెప్పాను. అతను మెట్ల మీద కూలబడ్డాడు. ఎవరో దగ్గరివాళ్ళు పోయినట్టు కూర్చున్న మనిషిని చూసి నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత మెల్లగా సంగతి చెప్పాడు. అతనికి, మలక్‌పేటలో ఉండే ఒక పళ్ళ డాక్టరుకి చిన్నప్పటి వీడియో గేములంటే పిచ్చి. ఆ ఆటలు కొత్త తెరల మీద బాగుండవట. బొమ్మ గుండు కొట్టించినట్టు కనిపిస్తుంది, మీట నొక్కాక రవ్వంత ఆలస్యంగా కదులుతుంది. ఆ రవ్వంత ఆలస్యంలో దూకాల్సినవాడు గుంటలో పడతాడు. అందుకని ఇద్దరూ ఆదివారాలు తుక్కు దుకాణాల వెంట, ఖాళీ చేస్తున్న ఇళ్ళ వెంట తిరిగి పాత డబ్బాలు ఏరుకుంటున్నారు. మాదీ ఏరుకోదగ్గ చోటేనని వాళ్ళకు తట్టలేదు, గోడ పక్కనే ఉన్నాం కదా.

కొత్తదాంట్లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది కదయ్యా అన్నాను. ఆలోచించి అన్నాడు: "కొత్త దాంట్ల బొమ్మ కనవడ్తది అన్నా. పాత దాంట్ల బొమ్మ ఉంటది."

ఇరవై ఏళ్ళు ట్యూబులతో కాపురం చేసినవాణ్ణి నేను. ఆ ఒక్క మాట నాకెందుకు తోచలేదా అని సిగ్గేసింది. ఆ సాయంత్రమే మేడమ్ దగ్గరికి వెళ్ళి మిగిలిన పద్దెనిమిదింటి ప్రాణం అడిగాను. ఆవిడ రిజిస్టర్ తెరిచి తాను రాసిన పద్ధతి మళ్ళీ చదివారు. చివరికి, మళ్ళీ వెలగకూడదని రాసింది నేనే కదా, ఆ ముక్క నేనే కొట్టేస్తానన్నారు. కొట్టేశారు కూడా.

అవి ఉద్యమం ఊపు మీదున్న రోజులు. మా సంస్థలో సగం మంది ఇక్కడివాళ్ళం, సగం మంది అక్కడివాళ్ళు. పదకొండేళ్ళుగా మేడమ్ డబ్బాలో పులుసు నేను, నా డబ్బాలో సర్వపిండి ఆవిడ తిన్నాం. ఆ రోజుల్లో మాత్రం టీ దగ్గర మాటలు తగ్గాయి. పగ కాదు, ఏ మాట ఎక్కడ తగులుతుందోనన్న జంకు. మేడమైతే బస్సులో టికెట్ కూడా వేలితో చూపించి అడిగేవారట, నోరు తెరిస్తే యాస తెలిసిపోతుందని. నాకు నవ్వుతూ చెప్పారు గానీ ఆ నవ్వు నాకు నచ్చలేదు. నేను తెలంగాణ రావాలని గట్టిగా కోరుకున్నవాణ్ణి. ఆవిడ బస్సులో నోరు మూసుకుని కూర్చోవాలని మాత్రం ఎన్నడూ కోరుకోలేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఇముడుతాయని అప్పట్లో ఎవరికైనా చెప్పడం కష్టంగా ఉండేది.

ఆ జంకును కాస్త పోగొట్టింది ఈ గేములే. క్లాసులయ్యాక ఖాళీ గదిలో చీరలాయన, డాక్టరు వచ్చి రక్షించిన మానిటర్లను ఒక్కోటీ వెలిగించి పరీక్షించేవాళ్ళు. నేను రంగులు కలిపేవాణ్ణి. ఒకరోజు మేడమ్ గుమ్మంలో నిలబడి చూసి చూసి, ఆ మీట ఇలా ఇవ్వండి అన్నారు. ఉద్యోగంలో చేరకముందు, పిల్లలు బడికి పోయాక పని ముగించుకుని రోజూ ఆడేదాన్నని, ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదని చెబుతూనే డాక్టరును వరసగా మూడుసార్లు ఓడించారు. ఆయన ఆవిడకు సలాం కొట్టి కుర్చీ ఇచ్చేశాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఎల్బీనగర్‌లో రోడ్డు పక్క ఒక షట్టర్‌లో వెనకటికి వీడియో గేముల దుకాణం ఉండేది. చీరలాయన, డాక్టరు ఇద్దరూ అక్కడే ఆడి పెరిగారు, అక్కడే దోస్తులయ్యారు. దుకాణం పెద్దాయనను పిల్లలంతా కాక అనేవాళ్ళు. నిలువెత్తు చెక్క డబ్బాలు మూడుండేవి. నాణెం వేసి నిలబడి ఆడాలి. రెండు ఎప్పుడో పోయాయి. మూడోది గోనెపట్టా కప్పుకుని షట్టర్ వెనక మూల నిలబడి ఉంది. కాక ఇప్పుడు అక్కడే రీచార్జి కార్డులు, సబ్బులు అమ్ముకుంటున్నాడు. రోడ్డు వెడల్పు చేయడానికి ఆ వరస మొత్తం కూలగొడతారని గోడ మీద ఎర్ర రంగు గీత గీసి పోయారు. ఎల్లుండి వస్తామని కబురు కూడా పెట్టారు.

డబ్బా మాకివ్వమని వీళ్ళిద్దరూ అడిగారు. దాని ట్యూబు పోయి చాలా ఏళ్ళయింది. కాక ఒకటే మాట మీద ఉన్నాడట: "ఎలిగితే తీస్కపోండ్రి. ఎలగకపోతే తుక్కోనికే. సచ్చిన డబ్బ మీకు అంటగట్టి నా పేరు ఖరాబ్ చేస్కోను." ఎంత బతిమాలినా దిగిరాలేదు. ఆ షట్టర్‌లో, ఆ మూలనే, కూలకముందే అది వెలగాలి. లేకపోతే వాళ్ళ బాల్యం తుక్కు కొట్టుకు పోతుంది.

దానికి సరిపోయేది ఇరవై ఒక్క అంగుళాల టీవీ ట్యూబు. మా సెమినార్ హాల్లో అలాంటి టీవీలు రెండుండేవి. ఒకటి మొదటి వారంలోనే నా ప్లయర్‌కు బలైంది. రెండోది మిగిలింది. మేడమ్ ఇచ్చేశారు. ఇక మరుసటి రోజే తీసుకుపోదామనుకుంటే ఆ రోజు బంద్. ఆటోలు లేవు, ట్రాలీలు లేవు, మోటారు బండి తీయడానికి లేదు. అయితే ఒకటుంది. బంద్ రోజే షాపు మూసి చీరలాయనకు, క్లినిక్ మూసి డాక్టరుకు తీరిక. మా వీధిలో బత్తాయి రసం అమ్మేవాడు తన తోపుడు బండి ఇస్తానన్నాడు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా నెట్టుకుంటూ పోవాలని తీర్మానించారు.

పొద్దున అల్మాస్‌గూడ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చాను. మేడమ్ తాళాలు తెచ్చారు. కింద వాళ్ళిద్దరూ బండి మీద పరుపు సర్దుతున్నారు. పైన నేను టీవీ మూత విప్పి ట్యూబు బయటికి తీస్తున్నాను. పెట్టె వద్దు, ట్యూబు ఒక్కటి చాలు, బరువు తగ్గుతుంది. మేడమ్ పక్కన నిలబడి వాళ్ళ పాప పరీక్షలు బంద్‌ల వల్ల వాయిదా పడుతున్న సంగతి చెబుతున్నారు. నేను ఊఁ కొడుతూ మూత విప్పాను, సాకెట్ లాగాను.

ఉస్స్.

ఆ చప్పుడు విన్నాక గానీ నా చేతిలో ప్లయర్ ఉందని నాకు తెలియలేదు. ప్లాస్టిక్ టోపీ ఎప్పుడు పీకానో, మొన ఎప్పుడు తుంచానో ఈ రోజుకీ గుర్తు లేదు. గోరంత గాజు ముక్క నేల మీద మెరుస్తోంది. వెండి మచ్చ అంచుల్లో తెల్లదనం మొదలైంది. అలవాటు లేని ఔపాసన చేస్తే మీసాలు కాలాయంటారు. నాకు అలవాటైన ఔపాసనే కొంప ముంచింది.

మేడమ్ మాటలు ఆపారు. కిటికీ వైపు చూస్తున్నారు. వినలేదేమో అనుకున్నాను, వినకూడదని మనసులో దండం పెట్టుకున్నాను. నా భుజం మీది తువాలు తీసి ఆ మెడకు గట్టిగా చుట్టాను. "దెబ్బ తగలకుండా," అన్నాను, ఎవరూ అడక్కుండానే. గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకునే రకాన్ని నేనని అప్పుడే తెలిసింది.

కిందికి దించగానే చెప్పేద్దామనుకున్నాను. చీరలాయన ఆ ట్యూబును రెండు చేతులతో అందుకున్న తీరు చూసి నోరు రాలేదు. చైతన్యపురి దాటాక చెబుదాం అనుకున్నాను. చైతన్యపురి దాటింది.

ఆ రోడ్డును మీరు అలా చూసి ఉండరు. అప్పటికి మెట్రో స్తంభాలు లేవలేదు. విజయవాడ పోయే ఆ దారి మీద ఒక్క బస్సు లేదు, ఒక్క లారీ లేదు. షట్టర్లన్నీ దించి ఉన్నాయి. ఎండ ఇంకా ముదరలేదు. రోజూ హారన్లలో మునిగిపోయే చోట పిచ్చుకల చప్పుడు వినిపించింది. బండి చక్రం కిర్రుకిర్రుమంటుంటే నలుగురం రోడ్డుకు సరిగ్గా నడిమధ్యన నడిచాం. ట్యూబు ముఖం పైకి పెట్టి పడుకోబెట్టారు. దాని అద్దంలో ఆకాశం, తెగిన గాలిపటం వేలాడే కరెంటు తీగలు, పేజీ తిప్పినట్టు మెల్లగా జరిగిపోతున్నాయి. డాక్టరు వంగి చూసి, అరే, ఇది అప్పుడే ఆన్ అయింది కదా అన్నాడు. వాళ్ళంతా నవ్వారు. నేను తేలు కుట్టిన దొంగలా బండి నెడుతున్నాను.

చీరలాయన దారి పొడవునా చిన్నప్పటి కబుర్లు చెప్పాడు. బడి ఎగ్గొట్టి ఈ రోడ్డు మీదే నడుచుకుంటూ పోయేవాడట. వాళ్ళ నాయన బట్ట కొలిచే గజం బద్ద పట్టుకుని వెతుక్కుంటూ వచ్చేవాడట. కాక షట్టర్ మూతి దగ్గర రోడ్డు వైపు తిరిగి కూర్చునేవాడు కదా, దూరం నుంచే ఆయనను చూసి గొంతు సవరించేవాడట. ఆ దగ్గు వినపడగానే వెనక తలుపులోంచి పరుగు. వాళ్ళ నాయన పోయి రెండేళ్ళయింది. గజం బద్ద ఇప్పటికీ షాపులోనే ఉందన్నాడు.

కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర, మూసిన గేట్ల వెనక నుంచి బత్తాయిల వాసన వస్తుండగా, రోడ్డు మీద ఉద్యమం వాళ్ళ వంటావార్పు కనిపించింది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, డేగిశాలు, బంతిలో కూర్చున్న జనం. నలుగురైదుగురు యువకులు వచ్చి మా బండికి అడ్డం నిలబడ్డారు. బంద్ నాడు టీవీ అమ్మడానికి పోతున్నామనుకున్నారు. చీరలాయన విషయం చెప్పాడు. ఒకతను ట్యూబు చుట్టూ తిరిగి చూసి నా తువాలు పట్టుకున్నాడు.

"గీ మెడకు పట్టీ ఏందే? దవాఖానకు తీస్కపోతున్నరా?"

అందరూ నవ్వారు. అతను విప్పబోయాడు. అప్పుడు మేడమ్ నోరు తెరిచారు. పొద్దున్నుంచీ రోడ్డు మీద ఒక్క మాట మాట్లాడని మనిషి.

"విప్పకండి బాబూ, గాజండీ అది. చెయ్యి తెగుద్ది," అన్నారు.

ఆ ఒక్క మాటతో ఆవిడ ఏ వైపు మనిషో అందరికీ తెలిసిపోయింది. నవ్వులు ఆగాయి. అతని చేయి తువాలు మీదే ఉండిపోయింది. ఆవిడ పైటకొంగు బిగించి పట్టుకున్నారు. ఎవరు ఏమంటారో తెలియని ఆ కాస్త సేపు నాకిప్పటికీ గుర్తే. చివరికి డేగిశా దగ్గరున్న పెద్దమ్మ గరిటె ఎత్తి, "ఏ ఊరైతేంది బిడ్డా, ఎండల వడి వచ్చినవ్. అన్నం యాళ్ళయింది, కూసో," అంది.

జాతీయ రహదారి మధ్యన విస్తరాకు ముందు మేడమ్ మఠం వేసుకుని కూర్చున్నారు. అన్నం, పప్పు, పచ్చిపులుసు. రెండోసారి పచ్చిపులుసు నోరు తెరిచి అడిగి వేయించుకున్నారు. తువాలు పట్టుకున్న కుర్రవాడే వడ్డించాడు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. పక్కన బండి మీద ఆ ట్యూబు ఎండను మింగి పడుకుని ఉంది. ఇంతమంది దానికి దారి ఇస్తున్నారు, అన్నం పెట్టి పంపిస్తున్నారు. అది శవమని నాకొక్కడికే తెలుసు. అంత సిగ్గు నేను జీవితంలో పడలేదు.

ఎల్బీనగర్ చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. కాక సగం ఎత్తిన షట్టర్ మూతి దగ్గర కుర్చీలో, రోడ్డు వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. వీళ్ళను చూసి లేవలేదు, కళ్ళతోనే లెక్క పెట్టుకున్నాడు. గోనెపట్టా తీశారు. డబ్బా పక్కల రంగులు వెలిసిపోయాయి. మీట చుట్టూ చెక్క అరిగి గిన్నెలా గుంట పడింది. ఎన్ని వందల పిల్లల మణికట్లు ఆనితే అలా అరుగుతుందో. డాక్టరు వెనక తలుపు తెరిచి, రండి అన్నా, మీ చేతి చలవ అన్నాడు.

ఆ మాటకు ఇక తట్టుకోలేకపోయాను. తువాలు విప్పాను. మచ్చ మొత్తం పాలలా తెల్లగా ఉంది.

"ఇది వెలగదు. పొద్దున నేనే తుంచిన. చెప్పనీకి ధైర్యం చాలలేదు," అన్నాను.

డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. చీరలాయన నా వైపు చూడనే లేదు. డబ్బా మీద చేయి వేసి నిలబడిపోయాడు. తిట్టినా బాగుండేది. మేడమ్ ఒక్కరే మాట్లాడారు.

"పొద్దున నేను విన్నానండీ. మీరే చెబుతారని చూశాను, దారి పొడుగునా చూశాను."

"మరి మీరన్నా చెప్పాల్సింది మేడమ్," అన్నాను.

"తుంచడం మీకు నేర్పించింది నేనే కదండీ," అన్నారు ఆవిడ. ఆ తర్వాత ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

కాక అంతా విన్నాడు. కుర్చీలోంచి మెల్లగా లేచి వచ్చి, కరెంటు పెట్టమన్నాడు. ట్యూబు లేకుండా పెట్టి ఏం చేస్తామన్నాను. పెట్టు తమ్మీ అన్నాడు. పాత ట్యూబుకు పోయే తీగలు విప్పేసి, మిగతాదానికి కరెంటిచ్చాను. ఆయన గల్లాలోంచి తుప్పు పట్టిన డబ్బీ తీసి, అందులోని నాణెం ఒకటి చీరలాయన చేతిలో పెట్టి, తన కుర్చీలోకి పోయి రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

నాణెం పడింది. డబ్బా పాడింది.

సన్నగా, గరగరమంటూ, ఆట మొదలయ్యే ముందు వచ్చే ఆ చిన్న పాట. చీరలాయన చేయి తనంతట తానే మీట మీదికి పోయింది. ఎదురుగా నల్లటి అద్దం. అందులో అతని ముఖమే తప్ప ఏమీ లేదు. అయినా ఆడటం మొదలుపెట్టాడు. దూకిన చప్పుడు, ఏదో పగిలిన చప్పుడు, గంటలాంటి చప్పుడు. డాక్టరు పక్కకు చేరి కుడికి, ఇప్పుడు కిందికి అంటూ అందిస్తున్నాడు. మేడమ్ ఆ ఆట ఎన్నడూ ఆడలేదు, అయినా నల్లటి అద్దం వంక రెప్ప వేయకుండా చూస్తున్నారు. నేనూ చూశాను. కొంతసేపటికి నాకు బొమ్మ కనిపించింది అంటే మీరు నమ్మరు. నమ్మకపోయినా ఫర్వాలేదు.

రోడ్డు వైపు నుంచి కాక గొంతు వినిపించింది. "రెండో మెట్టు ఎక్కినవ్. ఇంగ ముంగట గుంట ఉంటది, ఆగి దుంకు."

అప్పుడు అర్థమైంది మాకు. ఈ మనిషి ఇన్నేళ్ళలో ఒక్క ఆట కూడా చూడలేదు. పిల్లల తండ్రులు వస్తున్నారేమోనని రోడ్డు మీదే కన్ను వేసి, వీపు ఆటకు పెట్టి కూర్చున్నాడు. ఎవడు ఏ మెట్టు మీదున్నాడో, ఎవడు ఎక్కడ చచ్చాడో చెవితోనే చూశాడు. ఆట ముగిశాక డాక్టరు భయపడుతూనే, ఇప్పుడు దీన్ని తుక్కుకు ఇచ్చేస్తావా కాకా అని అడిగాడు.

"గిది సచ్చిందని ఎవడన్నడు?" అన్నాడు కాక. "తీస్కపోండ్రి."

ఆ సాయంత్రం అదే బండి మీద డబ్బా దిల్‌సుఖ్‌నగర్‌కు వచ్చింది. తెల్లవారి ఆ షట్టర్ నేలమట్టమైంది. చీరలాయన నాతో మామూలుగా మాట్లాడటానికి నెల పట్టింది. మేడమ్, నేను అన్నం డబ్బాలు మళ్ళీ మార్చుకోవడం మాత్రం మరుసటి రోజే మొదలైంది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు నేను ఒకే పని మీద తిరిగాను. తుక్కు దుకాణాల వాళ్ళకు మెడలు విరవొద్దని చెప్పి నవ్వులపాలయ్యాను. చివరికి అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఒక గోదాములో, కోళ్ళు గుడ్లు పెడుతున్న ఒక టీవీలో, మొన చెక్కుచెదరని ఇరవై ఒక్క అంగుళాల ట్యూబు దొరికింది. చీరలాయన షాపు పైగదిలో డబ్బాకు దాన్ని బిగించాను. బిగిస్తున్నంతసేపూ ప్లయర్ మేడమ్ చేతిలో ఉంచాను. మూడు రంగులూ కలిసే దాకా మా నాయన తిట్లు తలుచుకుంటూ మరలు తిప్పాను.

కాకను పిలిపించాం. మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీర్చుకుని, కుర్చీ అడిగాడు. వేశాం. నాణెం పడింది, పాట వచ్చింది, నల్లటి అద్దంలో నీలం రంగు ఆకాశం, దాని కింద ఎర్రటి ఇటుకలు, వాటి మీద బొటనవేలంత మనిషి లేచి నిలబడ్డాడు. డాక్టరు ఏదో అరిచాడు. మేడమ్ కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. జర ఇటు తిరిగి చూడు కాకా, బొమ్మ వచ్చింది అన్నాడు చీరలాయన, మీట వదలకుండానే.

కాక తిరగలేదు. కుర్చీని మెట్ల వైపు ఇంకాస్త జరుపుకుని, కింద షాపులోకి దిగే ఆ మెట్లనే చూస్తూ కూర్చున్నాడు.

"ఎవ్వరొస్తలేరు బిడ్డా," అన్నాడు. "నిమ్మలంగ ఆడుకో."

చీరలాయన చేయి ఒక్క క్షణం ఆగింది. తెర మీది మనిషి గుంటలో పడి చచ్చిపోయాడు. కాసేపటికి అతను జేబులోంచి ఇంకో నాణెం తీసి వేశాడు.